బ్రేకులు పెద్దవి చేశాను, ఏ బ్రేక్ ఆయిల్ పోయాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం. బండి 2016 పోలో జీటీ టీఎస్ఐ. ముందున్న 256 మి.మీ. డిస్కులు తీయించి 288 మి.మీ. డిస్కులు, వాటికి సరిపడే బ్రాకెట్లు, మంచి ప్యాడ్లు, స్టీలు అల్లిక హోసులు వేయించాను. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్లు పాతవే. వెనక డ్రమ్ములు ముట్టుకోలేదు. నెలకు రెండుసార్లు అరకు వెళ్తుంటాం, నలుగురం, సామానుతో. పోయిన నెల ఘాట్ దిగి కింద టీకి ఆగాం. పావుగంటకు బండి తీస్తే పెడల్ మెత్తగా సగం దాకా దిగిపోయింది. మూడు నాలుగుసార్లు గబగబా తొక్కితే పట్టింది. మర్నాటికి మామూలుగానే ఉంది. మా మెకానిక్ రేసింగ్ ఆయిల్ పోద్దామంటున్నాడు. షాపులో డాట్ 5 అన్నిటికన్నా పైది అంటున్నారు. స్నేహితులు 5.1 అంటున్నారు. బండి పుస్తకంలో డాట్ 4 అని ఉంది. హోసులు మార్చినప్పుడు ఆయిల్ మార్చారా అని అడిగితే "పైన పోశాం సార్" అన్నారు. ఏది కొనాలి? ఎంత కొనాలి? ఎన్నాళ్లకు మార్చాలి?

సమాధానం: డాట్ 4లోనే, సీసా మీద "క్లాస్ 6" అని గానీ "ఎల్‌వీ" (పల్చటిదని గుర్తు) అని గానీ రాసి ఉన్నది తీసుకోండి. అర లీటరు సీసాలు రెండు. లోపల ఉన్నది మొత్తం తీయించి కొత్తది పట్టించండి. డాట్ 5 జోలికి పోవద్దు. రేసింగ్ ఆయిల్ మీ వాడకానికి అక్కర్లేదు.

కొనడానికి ఇంతే చాలు. మీ ఉత్తరంలో మమ్మల్ని ఆపింది మాత్రం "పైన పోశాం" అన్న రెండు మాటలు. డిస్కులకు, ప్యాడ్లకు, హోసులకు అంత ఖర్చు పెట్టారు. కాలిపర్ పిస్టన్ వెనక, డిస్కు వేడి నేరుగా తగిలే చోట, పాత ఆయిలే మిగిలి ఉండవచ్చు. హోసు విప్పినప్పుడు కారినంత కారుతుంది, ఎయిర్ పోయేదాకా నాలుగు తొక్కులు తొక్కుతారు, బానెట్ కింద ఉన్న ఆయిల్ డబ్బా నింపి మూత పెడతారు. డబ్బాలోకి తొంగి చూస్తే తేనె రంగులో మెరుస్తూ కొత్తదే కనిపిస్తుంది. వెనక పైపుల్లోనూ డ్రమ్ముల్లోనూ ఉన్నది మాత్రం కదలదు.

టీకి ఆగినప్పుడు జరిగింది ఇదీ. ఘాట్ దిగేటప్పుడు డిస్కులు బాగా కాగుతాయి, కానీ బండి నడుస్తున్నంతసేపూ గాలి తగిలి కొంత వేడిని లాక్కుపోతుంది. బండి ఆగితే ఆ గాలి ఆగిపోతుంది. డిస్కులో నిలవ ఉన్న వేడి ప్యాడ్ వెనక రేకుకూ, అక్కణ్నుంచి పిస్టన్‌కూ, పిస్టన్ నుంచి ఆయిల్‌కూ నెమ్మదిగా పాకుతుంది. అందుకే చాలాసార్లు ఆయిల్ మరిగేది దిగుతున్నప్పుడు కాదు, దిగి ఆగిన కొన్ని నిమిషాలకు. పైగా పెడల్ మీద కాలు లేనప్పుడు పైపుల్లో ఒత్తిడి ఉండదు. ఒత్తిడిలో ఉన్న ద్రవం త్వరగా మరగదు, ఒత్తిడి తీసేస్తే మరుగుతుంది. ప్రెషర్ కుక్కర్ మూత తీసినట్టే. అలా పుట్టిన ఆవిరి బుడగలను తొక్కితే నలుగుతాయి, అవి నలిగినంత మేర పెడల్ కిందికి పోతుంది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, మర్నాటికి ఏమీ జరగనట్టే ఉంటుంది. షెడ్డుకు తీసుకెళ్తే "బాగానే ఉంది కదా" అంటారు, వాళ్ల తప్పూ లేదు.

ఇంకో రకం ఇబ్బందితో దీన్ని కలపకండి. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి మాత్రం ఆగకపోతే అది ప్యాడ్లు కాగి పట్టు వదిలేయడం. అప్పుడు ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా లాభం లేదు, ప్యాడ్లు మార్చుకోవాలి. పెడల్ మెత్తబడి దిగిపోతే ఆయిల్‌లో ఆవిరో, గాలో ఉన్నట్టు. మీది రెండోది. గాలి అయితే పొద్దున చల్లటి బండిలో కూడా పెడల్ మెత్తగా ఉండాలి. కాగినప్పుడు మాత్రమే వచ్చి చల్లారాక పోయింది కాబట్టి ఆవిరి అనే అనుకోవాలి.

మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ గ్లైకాల్ ఈథర్ జాతివి. నీటిని పీల్చుకోవడం వాటి గుణం. డబ్బా మూతకున్న సన్నటి గాలి రంధ్రం నుంచి, రబ్బరు హోసుల గోడల గుండా, తేమ లోపలికి చేరుతూనే ఉంటుంది. మీరు వేయించిన స్టీలు అల్లిక హోసుల లోపల టెఫ్లాన్ గొట్టం ఉంటుంది, దాంట్లోంచి తేమ చొరబడటం తక్కువ. ఆ మేరకు మేలే. కానీ విశాఖ సముద్రపు గాలిలో బండి పెట్టుకుని తేమ రాకూడదంటే కుదరదు.

నీళ్లు చేరితే ఏమవుతుందో అంకెల్లో చూడండి. అమెరికా వాహన భద్రతా ప్రమాణం 116 ప్రకారం డాట్ 3 అనిపించుకోవాలంటే కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు కలిశాక కనీసం 140 దాకా. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. డాట్ 5.1కు 260, 180. సీసా మీద మొదటిదాన్ని డ్రై అనీ రెండోదాన్ని వెట్ అనీ వేస్తారు. అమ్మేవాళ్లు చూపించేది మొదటి అంకె. రోడ్డు మీద తిరిగే బండికి చూడాల్సింది రెండోది. మొదటి అంకె పోసిన కొన్ని నెలల వరకే నిజం. ఆ తర్వాత నెలనెలా రెండో అంకె వైపు జారుతుంది. ఆ జారుడు కూడా సమానంగా ఉండదు, మొదటి ఒకటి రెండు శాతం నీటికే పెద్ద దెబ్బ పడుతుంది. కొత్తది 230 దాకా నిలిచిన డాట్ 4, నాలుగేళ్లు మార్చకపోతే డాట్ 3 వెట్ అంకె దరిదాపుల్లోకి రావడంలో వింతేమీ లేదు.

ఘాట్ దిగడం ఎంత బరువైన పనో లెక్క వేసి చూద్దాం. మనుషులతో, సామానుతో బండి 1,400 కిలోలు, దిగిన ఎత్తు 800 మీటర్లు అనుకోండి. 1,400ను 9.8తోనూ 800తోనూ గుణిస్తే దాదాపు 1 కోటి 10 లక్షల జౌళ్లు (జౌలు అంటే శక్తి కొలత). అదే బండిని గంటకు 100 కి.మీ. వేగం నుంచి ఒకసారి పూర్తిగా ఆపితే బ్రేకుల్లోకి వెళ్లేది 5 లక్షల 40 వేల జౌళ్లు. అంటే ఘాట్ మొత్తం బ్రేకుల మీదే దించితే 100 నుంచి ఇరవైసార్లు ఆపినంత వేడి. బండి బరువు పెరిగినా తగ్గినా ఈ ఇరవై మారదు, రెండు వైపులా బరువు కొట్టుకుపోతుంది. ఇందులో కొంత గాలీ ఇంజనూ మింగుతాయి. ఇంజన్ ఎంత మింగుతుందన్నది మీ గేరు మీద ఉంది. ఆ మాటకు చివర్లో వస్తాం.

పెద్ద డిస్కులు వేస్తే పెద్ద ఆయిల్ కావాలన్న మాట బాగా ప్రచారంలో ఉంది. మీ విషయంలో అది తిరగబడుతుంది. 288 మి.మీ. డిస్కులో ఇనుము ఎక్కువ, గాలి తగిలే వైశాల్యం ఎక్కువ, కాబట్టి అదే ఘాట్‌కు అది 256 కంటే తక్కువ కాగుతుంది. కాలిపర్ పాతదే, పిస్టన్ అదే 54 మి.మీ., కాబట్టి పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌తో పొంతన చెడలేదు, పెడల్ ప్రయాణం పెరగకూడదు. పెద్ద బ్రేకులు వేశాక ఆయిల్ గట్టిది కావలసి వచ్చేది వేరే సందర్భాల్లో: అల్యూమినియం నాలుగు పిస్టన్ల కాలిపర్లు వేసి, లోహం పాలు ఎక్కువున్న ప్యాడ్లు పెట్టి, ట్రాక్ మీద తిప్పేవాళ్లకు. ఆ ప్యాడ్లు వేడిని పిస్టన్‌కు బాగా చేరవేస్తాయి. అరిగి పల్చబడిన ప్యాడ్ ఏదైనా అదే చేస్తుంది. మీవి సగానికి పైగా అరిగాక ఘాట్‌కు ముందు ఒకసారి మందం చూసుకోండి.

ఇక షాపులో చెప్పిన డాట్ 5 సంగతి. నూలు కౌంటులా అంకె పెరిగేకొద్దీ సరుకు మేలని అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. డాట్ 5 సిలికాన్. 5.1 గ్లైకాల్. పేర్లు కవల పిల్లల్లా ఉన్నా ఇంటిపేర్లు వేరు. సిలికాన్ నీటిని కలుపుకోదు. వినడానికి బాగుంటుంది గానీ లోపలికి వచ్చిన నీరు ఎక్కడికీ పోదు కదా. అది చుక్కలుగా విడిపోయి అన్నిటికన్నా కిందున్న చోటికి, అంటే కాలిపర్‌లోకి, చేరి కూర్చుంటుంది. అక్కడ తుప్పు పట్టిస్తుంది, నూరు డిగ్రీలు దాటితే మరిగిపోతుంది. పైగా సిలికాన్ గాలిని పట్టి ఉంచుకుంటుంది, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) పంపు గబగబా కొట్టినప్పుడు నురగ కడుతుంది. ఏళ్ల తరబడి షెడ్డులో నిలిపి ఉంచే పాత బండ్లకు, పెయింటు పాడు చేయదు కాబట్టి, కొందరు వాడతారు. ఏబీఎస్, ఈఎస్‌పీ (బండి పక్కకు జారకుండా పట్టే ఏర్పాటు) ఉన్న మీ బండికి పనికిరాదు. గ్లైకాల్ ఉన్న వ్యవస్థలో అది కలిస్తే రెండూ కలవవు, అంతా విప్పి కడగాల్సి వస్తుంది. కౌంటర్ దగ్గర గుర్తు: డాట్ 5 ఊదా రంగులో ఉంటుంది, మిగతావి నీళ్ల రంగు నుంచి తేనె రంగు దాకా.

డాట్ 3, 4, 5.1 మాత్రం ఒకదాంట్లో ఒకటి కలిసినా రసాయనికంగా ప్రమాదం లేదు. కానీ కలిపితే వచ్చేది ఆ రెండిటి మధ్య రకం. అరకు దారిలో ఎక్కడో డబ్బా తగ్గి, దొరికిన డాట్ 4 ఏ కంపెనీదైనా పోసుకోవచ్చు, భయం లేదు. ఇంటికొచ్చాక ఎందుకు తగ్గిందో చూడాలి, అంతే.

5.1 తప్పా అంటే తప్పు కాదు. మీ స్నేహితుల మాటలో కొంత నిజముంది. దాని వెట్ అంకె డాట్ 4 కనీసం కంటే 25 డిగ్రీలు ఎక్కువ, పల్చన కూడా. అయితే క్లాస్ 6 అనే రకం అంతర్జాతీయ ప్రమాణం 4925లో వచ్చాక మీలాంటి బండ్లకు 5.1 మీద మోజు తగ్గింది. క్లాస్ 6కు డ్రై కనీసం 250, వెట్ కనీసం 165, మైనస్ 40 డిగ్రీల దగ్గర చిక్కదనం 750కి (సెకనుకు చదరపు మి.మీ. లెక్కలో) మించకూడదు. మామూలు డాట్ 4కు ఆ చిక్కదనం 1,800 దాకా ఒప్పుకుంటారు, 5.1కు 900. ఈఎస్‌పీ ఉన్న బండిలో పంపు, వాల్వులు సెకనులో చిన్న వంతులోనే తెరుచుకుని మూసుకోవాలి, చిక్కటి ఆయిల్ అక్కడ ఆలస్యం చేస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ సొంత ప్రమాణం 501 14 కూడా ఈ పల్చటి డాట్ 4నే అడుగుతుంది.

నిజం చెప్పాలంటే మైనస్ 40 అంకె మన లంబసింగి చలికి కూడా అక్కరకు రాదు. విశాఖ 30 డిగ్రీల్లో మామూలు డాట్ 4కూ క్లాస్ 6కూ చిక్కదనంలో తేడా చాలా చిన్నది. క్లాస్ 6 దొరకలేదని ప్రయాణం వాయిదా వేసుకోనక్కర్లేదు. కానీ ఎలాగూ కొంటున్నారు, కంపెనీ అడిగిందీ అదే, మరుగు అంకెలు కూడా మెరుగు. ఉదాహరణకు ఆటే కంపెనీ ఎస్ఎల్.6 అనే క్లాస్ 6 ఆయిల్‌కు తయారీదారు ఇచ్చే అంకెలు డ్రై 265, వెట్ 175. ప్రమాణం అడిగిన కనీసం కంటే పైన. ఏ కంపెనీది కొన్నా సీసా వెనక ఈ రెండు అంకెలు వెతకండి. రెండో అంకె వేయని సీసాను పక్కన పెట్టేయండి.

మీ మెకానిక్ చెప్పిన రేసింగ్ ఆయిల్ చెడ్డదేమీ కాదు. మోతుల్ ఆర్‌బీఎఫ్ 600కు డ్రై 312, వెట్ 205. క్యాస్ట్రాల్ ఎస్‌ఆర్‌ఎఫ్‌కు డ్రై 320, వెట్ 270, ఆ రెండో అంకె చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. ధర చూస్తే ఆరిపోతుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లి ఇరవై నిమిషాల చొప్పున నాలుగు విడతలు తిప్పేవాళ్లకు అవి కావాలి, వాళ్లు ఏడాదిలో రెండు మూడుసార్లు మారుస్తారు కూడా. మీకు దాంతో చిక్కేమిటంటే, ఖరీదైనది పోశాం కదా అని మూడేళ్లు మార్చరు. మూడేళ్ల రేసింగ్ ఆయిల్ కంటే ఏడాది కిందటి క్లాస్ 6 నమ్మకమైనది. కాస్త మరుగు ఎక్కువ కావాలని మనసు పీకితే మధ్యలో ఆటే టైప్ 200 ఉంది, డ్రై 280, వెట్ 198. కాకపోతే క్లాస్ 6 కంటే చిక్కన, మైనస్ 40 దగ్గర 1,400 వరకు. మీ బండికి అది రెండో ఎంపిక.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, సీలు చూడండి. ఐదు లీటర్ల క్యానులోంచి కొలిచి పోసే చోట కొనొద్దు. మూత తీసి పెట్టిన క్యానులో ఆయిల్ ఎంత ఖరీదైనదైనా షాపు గాలిలోని తేమను తాగి కూర్చుంటుంది. మీరూ సగం వాడిన సీసాను వచ్చే ఏడాదికి దాచుకోకండి. అర లీటరువి రెండు కొనమన్నది అందుకే. కుదిరితే మూడోది సీలు విప్పకుండా దగ్గర పెట్టుకోండి, పని మధ్యలో ఆయిల్ చాలకపోతే బండి జాకీల మీదే ఉండిపోతుంది.

మార్చే పద్ధతి రాస్తున్నాం. మీరు చేసినా, షెడ్డులో పక్కన నిలబడి చేయించినా ఇదే వరస.

ముందు డబ్బా చుట్టూ, మూత మీద తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. మట్టి రేణువు ఒకటి లోపల పడితే ఏబీఎస్ వాల్వులో ఇరుక్కుంటుంది. మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజికి సన్నటి గొట్టం పెట్టి డబ్బాలోని పాతది లాగేయండి, కానీ అడుగున ఉన్న రంధ్రాలు గాలికి తేలేంత లాగొద్దు. కొత్తది గరిష్ఠ గీత దాకా పోయండి. ఇక్కణ్నుంచి పని అయ్యేదాకా డబ్బా సగం కంటే తగ్గకూడదు. ఒక మనిషికి ఆ పని మాత్రమే అప్పగించినా తప్పులేదు. డబ్బా ఎండితే గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి పోతుంది, అప్పుడు స్కానర్ పెట్టి యూనిట్ పంపును తిప్పుతూ ఎయిర్ తీయాలి, వీధి చివరి షెడ్డులో అయ్యే పని కాదు.

ప్రెషర్ డబ్బా ఉన్న షెడ్డు దొరికితే ఒకటి నుంచి ఒకటిన్నర బార్ ఒత్తిడి పెట్టి చేయించండి, పెడల్ తొక్కే పనే ఉండదు. లేకపోతే ఇద్దరు కావాలి. నిపిల్‌కు (చక్రం దగ్గర ఆయిల్, గాలి బయటికి తీసే చిన్న మరకు) పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొస అడుగున కాస్త కొత్త ఆయిల్ ఉన్న సీసాలో మునిగేలా పెట్టాలి. లోపల ఉన్న మనిషి పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి. కింద ఉన్న మనిషి నిపిల్ పావు చుట్టు వదలాలి, ఆయిల్ వస్తుంది, పెడల్ దిగుతుంది. నిపిల్ బిగించాకే "వదులు" అనాలి. ఈ వరస తప్పితే తీసిన గాలి మళ్లీ లోపలికే పోతుంది. పెడల్ కింద రెండంగుళాల చెక్కముక్క పెట్టండి. రోజూ పెడల్ నేల దాకా దిగదు కాబట్టి మాస్టర్ సిలిండర్ అడుగు భాగంలో తుప్పు గరుకు ఉండవచ్చు, సీలు దాని మీదుగా పోతే చిరుగుతుంది. పదేళ్ల బండిలో "ఎయిర్ తీయించాక మాస్టర్ సిలిండర్ పోయింది" అన్న కేసుల్లో చాలావాటికి కారణం ఇదే.

చక్రానికి సుమారు 200 మి.లీ. చొప్పున తీస్తే నాలుగింటికి 800, డబ్బాకు మిగతా 200, లీటరు సరిపోతుంది. కొలత కంటే గొట్టంలో రంగు నమ్మండి. ముదురు రంగు పోయి కొత్త సీసా రంగు వచ్చేదాకా, బుడగ ఒక్కటీ రాకుండా అయ్యేదాకా తీయాలి. వెనక చక్రాలను వదిలేయనివ్వకండి. డ్రమ్ము వెనక నిపిల్ తుప్పు పట్టి తిరగదు, అందుకని చాలామంది ముందు రెండూ చేసి చేతులు తుడుచుకుంటారు. ముందురోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి, రింగ్ పానాయే వాడమనండి, మామూలు పానాతో మూలలు నున్నబడిపోతాయి. బిగించేటప్పుడు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు, బలం చూపిస్తే నిపిల్ విరుగుతుంది. చక్రాల వరుస గురించి వాదనలు వస్తాయి. దూరం చక్రం నుంచి దగ్గరికి రావడం పాత పద్ధతి, మన కుడి స్టీరింగ్ బండ్లలో అది వెనక ఎడమతో మొదలవుతుంది. మీ బండి వర్క్‌షాప్ పుస్తకం వేరే వరుస చెబితే అదే పాటించండి. లీటరు ఆయిల్ నడిపిస్తున్నప్పుడు వరుస అంత పట్టింపు కాదు.

మీ పాత పని మీద కూడా ఒక కన్నేయించండి. కాలిపర్లు విప్పి బిగించారు కాబట్టి ఎడమది కుడికి, కుడిది ఎడమకు మారలేదని చూడండి. నిపిల్ పైభాగాన ఉండాలి. కిందికి ఉన్నా బ్రేకు పడుతుంది, కానీ పై మూలలో గాలి బుడగ ఎప్పటికీ బయటికి రాదు, ఎన్ని సీసాలు పోసినా పెడల్ మెత్తగానే ఉంటుంది. హోసు కాలిపర్‌కు బిగించిన బోల్టు దగ్గర రాగి వాషర్లు రెండూ కొత్తవి వేశారో లేదో అడగండి. పాత వాషర్లు ఒకసారి నలిగాయంటే రెండోసారి సరిగా సీలు కావు, ఘాట్‌లో కాగినప్పుడు చెమర్చుతాయి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, హోసు టైరుకో స్ట్రట్‌కో రాసుకోవడం లేదని చూడండి. స్టీలు అల్లిక హోసు రాసుకుంటే రబ్బరులా ముందు హెచ్చరించదు, పక్కదాన్ని కోసేస్తుంది.

పెట్రోలు, డీజిలు, కిరోసిన్‌తో బ్రేకు భాగాలు కడగనివ్వకండి. లోపలి సీళ్లు ఈపీడీఎం రబ్బరు, పెట్రోలియం తగిలితే అవి ఊరిన శనగల్లా ఉబ్బుతాయి, పిస్టన్ వెనక్కి రాదు, బ్రేకు పట్టే ఉంటుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ పొరపాటున బ్రేకు డబ్బాలో పోసిన బండ్లకు పట్టే గతీ ఇదే. కడగడానికి బ్రేక్ క్లీనర్ స్ప్రే గానీ కొత్త బ్రేక్ ఆయిలే గానీ వాడాలి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే తుడవకుండా ముందు నీళ్లు దండిగా పోయండి, అది నీటిలో కలిసిపోతుంది. ఆలస్యమైతే పెయింటు పొక్కులు లేస్తుంది. తీసిన పాత ఆయిల్ కాలవలో పారబోయకండి, పాత ఇంజన్ ఆయిల్ డ్రమ్ములోనూ కలపకండి, విడిగా సీసాలో షెడ్డుకు ఇవ్వండి.

అయ్యాక ఇంజన్ వేసి పెడల్ మీద గట్టిగా ఒక నిమిషం కాలు ఉంచండి. మెల్లగా దిగుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే జారుతోంది. దిగకపోతే నిపిళ్లు, హోసు మూలలు టిష్యూ కాగితంతో ఒత్తి చూసి, ఖాళీ రోడ్డు మీద 20 కి.మీ. వేగంలో నాలుగుసార్లు ఆపి, అప్పుడు ట్రాఫిక్‌లోకి వెళ్లండి. మూత బిగించేముందు మట్టం గరిష్ఠ గీత మించకుండా చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కాస్త తగ్గడం సహజం, అది చూసి ఊరికే పోస్తే, కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్ వెనక్కి నెట్టిన రోజు డబ్బా పొంగుతుంది. ఆ పిస్టన్ నెట్టేటప్పుడు నిపిల్ వదిలి, మురికి ఆయిల్ బయటికి పోనిస్తే ఇంకా మంచిది. లేకపోతే అదంతా ఏబీఎస్ వైపు వెనక్కి పోతుంది.

ఎన్నాళ్లకు అంటే, కంపెనీ మాట రెండేళ్లు. సముద్రం పక్కన ఉంటూ నెలకు రెండుసార్లు ఘాట్ దిగే బండికి ఏడాదికోసారి అని పెట్టుకోండి. వానలు తగ్గాక, అరకు రద్దీ మొదలయ్యే ముందు, అక్టోబరులో చేయిస్తే గుర్తుంటుంది. కిలోమీటర్ల లెక్క దీనికి పనికిరాదు, బండి నిలబడి ఉన్నా తేమ ఆగదు. రంగు చూసి నిర్ణయించడం కూడా కుదరదు. నలుపు వచ్చేది రబ్బరు, లోహపు పొడి వల్ల. నీరు రంగు మార్చదు. పెన్నులా ఉండి లైట్లు వెలిగే టెస్టర్ విద్యుత్ ప్రవాహం చూసి అంచనా కడుతుంది, కంపెనీకో తీరుగా చూపిస్తుంది. పైగా ముంచేది డబ్బాలో, మరిగేది కాలిపర్‌లో. ఆయిల్‌ను నిజంగా మరిగించి అంకె చూపే యంత్రం ఉన్న షెడ్డు దొరికితే కాలిపర్ నిపిల్ నుంచి తీసిన ఆయిల్ ఇచ్చి చూపించండి. అది 180 కంటే తక్కువ చెబితే ఘాట్‌కు ముందే మార్చండి.

గేరు మాట. మీ డీఎస్‌జీ (ఆటోమేటిక్) గేరుబాక్సు డి లో ఉంచితే దిగుడులో పై గేరుకు పోతుంది, ఇంజన్ పట్టు వదిలేస్తుంది, మొత్తం బరువు బ్రేకుల మీద పడుతుంది. మాన్యువల్ వైపు తోసి రెండో గేరులో, కాస్త చదునుగా ఉన్నచోట మూడులో దించండి. ఇంజన్ 3,500 తిరుగుతున్న చప్పుడుకు ఇంట్లోవాళ్లు కంగారు పడితే ఏం కాదని చెప్పండి. కాలు పెడల్ మీద ఆనించి ఉంచకండి. గట్టిగా తొక్కి, వేగం తగ్గించి, పూర్తిగా వదలండి, వదిలినప్పుడే డిస్కుకు గాలి తగులుతుంది. కిందికి దిగాక టీకొట్టు కనిపించగానే ఆపకుండా ఐదు నిమిషాలు చదును రోడ్డు మీద నిదానంగా నడిపి అప్పుడు ఆపండి.

దారిలో మళ్లీ పెడల్ దిగిపోతే గబగబా నాలుగైదుసార్లు తొక్కండి, గేరు తగ్గించండి, హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి. అది తీగతో వెనక డ్రమ్ములను పట్టేది, ఆయిల్‌తో దానికి పనిలేదు. ఆగాక చక్రాల మీద నీళ్లు పోయకండి, కాగిన డిస్కు వంకరపోవచ్చు. అరగంటకు పైగా ఆరనిచ్చి, పెడల్ గట్టిపడ్డాకే కదలండి.

ఒకవేళ ఆయిల్ మొత్తం మార్చాక కూడా తర్వాతి ఘాట్‌లో ఇదే జరిగితే ఇంకా ఖరీదైన సీసా వెతకొద్దు. చదును రోడ్డు మీద పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా తొక్కకుండా నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, డిస్కును తాకకండి. ఒక ముందు చక్రం మాత్రమే సెగలు కక్కుతుంటే ఆ వైపు కాలిపర్ గైడ్ పిన్ను బిగుసుకుంది, లేదా కొత్త బ్రాకెట్‌లో ప్యాడ్ ఇరుకుగా కూర్చుంది, అది వదలకుండా రాసుకుంటోంది. పిన్ను తీసి శుభ్రం చేయించండి, ప్యాడ్ చెవులు బ్రాకెట్‌లో చేత్తో జరిగేలా ఉన్నాయో చూడమనండి.